విన్నది ప్రమాణమేనా?

ఇంట్లో కంప్యూటరు మీద హై రిజల్యూషన్ సంగీతం వినే ఏర్పాటు చేసుకునేవాళ్ల మధ్య ఎంతకీ తెగని వివాదం ఒకటుంది. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ ఉన్న ఫైలుకూ, 1982లో సీడీతో పాటు వచ్చిన 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ ప్రమాణానికీ తేడా వినబడుతుందని కొందరంటారు. తంబురా నాదం చుట్టూ గాలి ఆడుతున్నట్టు ఉంటుందని, వయొలిన్ కమాను తీగను తాకే క్షణం విడిగా తెలుస్తుందని వర్ణిస్తారు. మరికొందరు లెక్కలు చూపించి, అలా వినబడే వీలే లేదంటారు. మొదటి పక్షంవాళ్లు చివరికి వచ్చి నిలబడేది ఒకే మాట దగ్గర: "నేను విన్నాను." ఆ మాటకు ఎంత బలం ఉందో తేల్చడం ఒక్క ఇంజనీరింగుకు సాధ్యమయ్యే పని కాదు. ఇంద్రియం చెప్పినదాన్ని ఎప్పుడు జ్ఞానమనాలి, ఎప్పుడు భ్రమ అనాలి అన్నది మన దర్శనాలు రెండు వేల ఏళ్లుగా తర్కించిన విషయం. నాకు తోచినంతవరకు చెవి నిజంగా ప్రమాణమే, అంటే నమ్మదగిన జ్ఞానానికి సాధనమే. ప్రమాణం కాబట్టే శాస్త్రం ప్రత్యక్షానికి (ఇంద్రియం నేరుగా పుట్టించే జ్ఞానానికి) పెట్టిన షరతులన్నీ దానికీ వర్తిస్తాయి. వినబోయేది ఏ ఫైలో చెప్పకుండా వినిపించే పరీక్షను చాలామంది సంగీతప్రియులు తమ చెవికి జరిగే అవమానంగా తీసుకుంటారు. నా దృష్టిలో చెవిని సాక్షిగా గౌరవించే పద్ధతి అదొక్కటే.

చెవిని అడగనవసరం లేని విషయాలను ముందు పక్కకు తీసిపెట్టాలి. వివాదంలో సగం అక్కడే పుడుతుంది. విండోస్‌లో మామూలుగా పాట, బ్రౌజరు శబ్దం, మెయిలు వచ్చినప్పుడు మోగే గంట అన్నీ ఒకే మిక్సరులో కలుస్తాయి. సౌండ్ సెట్టింగులలో ఏ రేటు పెట్టి ఉంటే అన్నిటినీ ఆ రేటుకు మార్చేస్తుంది ఆ మిక్సరు. 96 కిలోహెర్ట్జ్ ఫైలు కొనుక్కున్న మనిషి సెట్టింగును 48 దగ్గర వదిలేస్తే అతనికి వినబడేది 48 మాత్రమే. దీన్ని తప్పించడానికి ప్లేయరులో వాసాపి ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెట్టుకుంటారు, లేదా డ్యాక్ (అంకెలను శబ్ద సంకేతంగా మార్చే పరికరం) తయారుచేసినవాళ్లు ఇచ్చిన ఏసియో డ్రైవరు వాడతారు. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ తెరిచి రేటు సరిచూసుకుంటారు. లినక్స్‌లో అల్సా ద్వారా నేరుగా డ్యాక్‌కు పంపుతారు. అసింక్రనస్ యూఎస్‌బీ డ్యాక్ తన గడియారాన్నే నమ్ముకుంటుంది, కంప్యూటరు గడియారంతో దానికి పని ఉండదు. 2001 నుంచి వాడుకలో ఉన్న ఫ్లాక్ ఫైలు అసలు శబ్దానికి సంబంధించిన ఎండీ5 ముద్రను తనలోనే దాచుకుంటుంది, కాబట్టి విప్పినప్పుడు ఒక్క బిట్టు మారినా పట్టుకోవచ్చు. రెండు దారుల్లో వెళ్లిన అంకెలు ఒకటేనా అన్న సందేహం వస్తే ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేసి చూస్తారు. మిగిలింది సున్నా అయితే రెండూ ఒకటే. ఇదంతా లెక్కతో తేలే భాగం, తర్కశాస్త్రం భాషలో చెప్పాలంటే అనుమాన ప్రమాణానికి, అంటే హేతువును బట్టి తేల్చే జ్ఞానానికి, చెందిన భాగం. ఓపికగా ఒకసారి చేసుకుంటే చాలు. ఇక్కడిదాకా "నాకు ఇలా వినబడింది" అన్న మాటకు చోటు లేదు.

చిక్కు దీని తరవాత మొదలవుతుంది. 1949లో క్లాడ్ షానన్ ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, ఒక ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో నమూనాలు తీసుకుంటే ఆ తరంగం మొత్తం వాటిలోనే నిక్షిప్తమై ఉంటుంది. నమూనాకూ నమూనాకూ మధ్య ఏదో జారిపోయిందనే భయానికి ఆధారం లేదు. మనిషి చెవి మంచి వయసులో దాదాపు 20 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది, వయసుతో పాటు ఆ హద్దు తగ్గుతూ వస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ నమూనాలు 22.05 వరకు పట్టుకుంటాయి. 16 బిట్లతో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెళ్ల దూరం దొరుకుతుంది. 24 బిట్లకు లెక్కలో 144 వస్తుంది కానీ, ఎలక్ట్రానిక్ భాగాల్లో సహజంగా ఉండే ఉష్ణరవం వల్ల మేలైన డ్యాక్‌లు కూడా 120 పైచిలుకు దగ్గరే ఆగిపోతాయి. రికార్డింగు గదిలో 24 బిట్ల అవసరం నిజమైనదే. గాయకుడు ఎంత గట్టిగా అందుకుంటాడో ముందుగా తెలియదు కాబట్టి పైన చోటు వదిలి రికార్డు చేయాలి. ఇంట్లో వినేవాడికి ఆ అవసరం లేదు. నాలుగు నిమిషాల పాట సీడీ ప్రమాణంలో, కుదించకముందు, 42 మెగాబైట్లు ఉంటే 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌లో 276 దాకా అవుతుంది. ఆ ఆరున్నర రెట్ల బరువులో చెవికి చేరేదేమీ లేదని అనుమానం చెబుతోంది.

అంతటితో వివాదం ముగిసిందనుకునే ఇంజనీరు తర్కశాస్త్రంలో ఒక మెట్టు దాటేశాడు. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదువుకున్న ప్రతి విద్యార్థికీ బాధితం అనే హేత్వాభాసం (పైకి హేతువులా కనబడే దోషం) తెలుసు. నిప్పు ద్రవ్యం కాబట్టి అది చల్లగా ఉండాలని ఒకడు వాదిస్తే, వాదం ఎంత చక్కగా అల్లినా, నిప్పును తాకిన చెయ్యి దాన్ని కొట్టిపారేస్తుంది. ప్రత్యక్షం పెద్ద ప్రమాణం, అనుమానం దాని మీద నిలబడేదే. కాబట్టి "మీ లెక్క నాకు తేడా వినబడదంటోంది, నేను విన్నాను, మీ అనుమానం బాధితం" అని శ్రోత అంటే ఆ వాదానికి శాస్త్ర మర్యాద పూర్తిగా ఉంది. దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. అడగగలిగింది ఒక్కటే: తేడా విన్నానన్న ఆ జ్ఞానం నిజంగా ప్రత్యక్షమేనా?

గౌతముడి న్యాయసూత్రాలు ప్రత్యక్షానికి లక్షణం చెబుతూ ఇంద్రియానికీ వస్తువుకూ కలయిక జరిగితే చాలనలేదు. ఆ జ్ఞానం పేరు వల్ల పుట్టినది కాకూడదు, తప్పిపోయేది కాకూడదు, నిశ్చయంతో కూడినదై ఉండాలి. భాష్యకారుడు వాత్స్యాయనుడు తప్పిపోవడానికి ఎండమావిని ఉదాహరణగా తీసుకున్నాడు. వేసవి ఎండలో నేల మీది వేడికీ కిరణాలకూ కలయిక జరిగిన చోట కన్ను పనిచేస్తోంది, వస్తువు ఉంది, కలయికా ఉంది. అయినా "నీళ్లు" అన్న జ్ఞానం ప్రత్యక్షం కాదు. పేరుకు సంబంధించిన షరతును తరవాతి వ్యాఖ్యాతలు రకరకాలుగా వివరించారు గానీ, మాట పుట్టించిన జ్ఞానాన్ని ఇంద్రియం పుట్టించిన జ్ఞానంతో కలిపేయవద్దన్న హెచ్చరిక అందులో స్పష్టంగా ఉంది. ఈ న్యాయ దర్శనం వారైన నైయాయికులతో తీవ్రంగా తలపడ్డ బౌద్ధుడు దిఙ్నాగుడు ఇంకా ముందుకు వెళ్లి, పేరు, జాతి వంటి కల్పనల పొత్తు లేనిదే ప్రత్యక్షమన్నాడు. ఆయన హేతువిద్యా గ్రంథం రాసింది ఆంధ్రదేశంలోని ఒక ఒంటరి కొండ మీద అని ఏడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ రాసుకున్నాడు. ప్రతి అడుగులోనూ విభేదించుకున్న ఈ రెండు సంప్రదాయాలూ పేరు విషయంలో మాత్రం ఒకే దిక్కు చూపించాయి. డ్యాక్ ముందు పలక మీద 192 అని నీలం అంకెలు వెలుగుతుండగా, ఫైలు పేరులో హై రిజల్యూషన్ అని రాసి ఉండగా, కొన్న ధర గుర్తుండగా కలిగిన శ్రవణం ఈ షరతును దాటగలదా?

న్యాయ దర్శనపు తరవాతి దశ అయిన నవ్యన్యాయంలో దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. దూరంగా ఉన్న గంధపు చెక్కను చూసి "పరిమళించే చందనం" అని గ్రహిస్తాం. ముక్కుకు వాసన అందలేదు, కన్ను వాసన చూడలేదు. అయినా ఆ గ్రహణం ఊహలా ఉండదు, చూసినట్టే ఉంటుంది. ఇదివరకటి జ్ఞానమే ఇక్కడ కలయిక పాత్ర వహించి, పరిమళాన్ని తెచ్చి చూపులో కలిపేసిందని నైయాయికులు చెప్పారు. దీనికి జ్ఞానలక్షణ ప్రత్యాసత్తి అని పేరు పెట్టారు. ముత్యపు చిప్పలో వెండి కనబడటాన్ని కూడా వాళ్లు ఈ దారిలోనే వివరించారు: ఎక్కడో చూసిన వెండి, జ్ఞాపకం ద్వారా ఇక్కడి మెరుపుకు అంటుకుంది. 192 అన్న అంకె చూసి "గాలి ఆడే తంబురా" విన్నవాడికి జరిగింది సరిగ్గా ఇదే కావచ్చు. ఇందులో అబద్ధం లేదు, మోసం లేదు, మనోబలహీనత అంతకన్నా లేదు. చందనం విషయంలో తెచ్చిన పరిమళం నిజంగా అక్కడ ఉంది, చిప్ప విషయంలో తెచ్చిన వెండి లేదు. రెండు అనుభవాలూ లోపలినుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. అందుకే "నాకు అంత స్పష్టంగా వినబడింది" అన్న వాక్యం ఏ పక్షానికీ సాక్ష్యం కాలేదు.

ఆధునిక ప్రయోగాలు ఇదే చూపిస్తున్నాయి. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఒక అక్షరం పలికే పెదవులకు మరో అక్షరపు ధ్వని జతచేసి చూపిస్తే వినేవాళ్లకు మూడో అక్షరం వినబడింది. కిటుకు తెలిసినా ఆ భ్రమ పోదు, కళ్లు మూసుకుంటేనే పోతుంది. "నాకు ఏ పక్షపాతమూ లేదు, నేను నిజాయితీగా వింటాను" అనేవారికి ఇందులో జవాబు ఉంది: నిజాయితీ ఈ దోషానికి మందు కాదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒకే స్పీకర్లను తెర వెనక ఉంచి ఒకసారి, కనబడేలా ఉంచి ఒకసారి వినిపించారు. కనబడినప్పుడు పెద్దవి, అందమైనవి ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాయి. నన్ను మరింత ఆలోచింపజేసేది ఆ ప్రయోగంలోని రెండో ఫలితం. స్పీకరును గదిలో వేరే చోటికి జరిపితే వచ్చే తేడా, తెర వెనక విన్నప్పుడు శ్రోతలకు బాగానే తెలిసింది. స్పీకరు కళ్లకు కనబడుతున్నప్పుడు అదే తేడాకు వాళ్ల స్పందన మందగించింది. అంటే చూపు లేనిదాన్ని కలపడమే కాదు, ఉన్నదాన్ని కప్పేస్తుంది కూడా. పేరు తెలిసి వింటే చెవి పదును పెరుగుతుందని నమ్మేవాళ్లు ఈ ఫలితం దగ్గర కాస్త ఆగాలి. 2012లో ప్రచురితమైన మరో అధ్యయనంలో 21 మంది వయొలిన్ కళాకారులు మసక గాగుల్స్ పెట్టుకుని పాత, కొత్త వయొలిన్లు వాయించి చూశారు. వాటిలో స్ట్రాడివారి వాద్యాలూ ఉన్నాయి. ఎక్కువమంది కొత్తవాటినే ఇష్టపడ్డారు, తమకు నచ్చింది పాతదో కొత్తదో చాలామంది పోల్చుకోలేకపోయారు. జీవితమంతా ఆ నాదంతో గడిపిన చెవులవి. 2022లో అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థ ఎల్‌పీల తయారీలో ఏళ్ల తరబడి డిజిటల్ దశ ఒకటి ఉందని బయటపడింది. ఆ రికార్డులను శుద్ధ అనలాగ్ మాధుర్యానికి నిదర్శనాలుగా పొగిడినవాళ్లు ఎందరో. ఆ పొగడ్త తప్పని నేననను, ఆ రికార్డులు నిజంగానే బాగుంటాయి. బాగుందని చెప్పినంతవరకు చెవి సరిగ్గానే చెప్పింది. ఎందువల్ల బాగుందో చెప్పబోయినప్పుడు కవరు మీది మాట చెవి గొంతుతో మాట్లాడింది.

దీనికి దర్శనంలోంచే గట్టి ఎదురువాదం తీసుకురావచ్చు. మీమాంసకుడు కుమారిలభట్టు జ్ఞానానికి ప్రామాణ్యం స్వతహాగా ఉంటుందన్నాడు. పుట్టిన ప్రతి జ్ఞానానికీ మరొక జ్ఞానం వచ్చి ధ్రువపత్రం ఇవ్వాలంటే, ఆ రెండోదానికి మూడోది కావాలి, ఇక అంతుండదు. కారణం లేకుండా తన జ్ఞానాన్ని తానే శంకించుకునేవాడు ఏ వ్యవహారంలోనూ నిలదొక్కుకోలేడని కూడా హెచ్చరించాడు. ఈ దృష్టితో చూస్తే, విన్నవాడిని పట్టుకుని "నువ్వు విన్నావని రుజువు చెయ్యి" అనడమే అన్యాయం, భారం కాదనేవాడి మీదే ఉండాలి. ఈ వాదానికి నేను తలవంచుతాను. వంచాక మాత్రం కుమారిలుడు ఆ వెంటనే పెట్టిన రెండు మినహాయింపులు కూడా చదవాలి. తరవాత విరుద్ధమైన జ్ఞానం కలిగితే మొదటిది వీగిపోతుంది. జ్ఞానాన్ని పుట్టించిన కారణాల్లో దోషం ఉందని తెలిసినా వీగిపోతుంది. కామెర్లు వచ్చినవాడికి శంఖం పసుపుగా కనబడితే, కళ్ల జబ్బు సంగతి తెలిశాక ఆ పసుపును ఎవరూ ప్రమాణంగా తీసుకోరు. పోల్చి వినడంలో కారణదోషాలు ఇప్పుడు అందరికీ తెలిసినవే. చూపు, ధర, పేరు ఒక వైపు. మరో వైపు శబ్ద తీవ్రత: రెంటిలో ఒకటి డెసిబెల్‌లో చిన్న భాగమంత ఎక్కువగా మోగినా చెవికి అది "గట్టిగా" అనిపించదు, "మేలుగా" అనిపిస్తుంది. ఈ దోషాలు ఉన్నాయని తెలిసిన తరవాత స్వతఃప్రామాణ్యం పేరు చెప్పుకుని దాటిపోవడానికి కుమారిలుడే ఒప్పుకోడు. నైయాయికుల దారి వేరు. వాళ్ల లెక్కలో ప్రామాణ్యం ఫలించిన ప్రవృత్తి వల్ల తేలుతుంది: నీళ్లనుకున్నచోటికి వెళ్లి తాగితే దాహం తీరాలి. తేడా విన్నానన్న జ్ఞానానికి ఇలాంటి ఫలం ఏమిటని అడిగితే, పేరు తీసేసినా మళ్లీ మళ్లీ ఆ ఫైలునే పట్టుకోగలగడం తప్ప మరొకటి తోచదు. ఎదురెదురుగా నిలబడ్డ రెండు శాస్త్రాలూ ఇలా ఒకే పరీక్ష వాకిట్లోకి వచ్చి చేరుతున్నాయి.

ఆ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు, ఇంట్లో పెట్టుకున్న కంప్యూటరే చాలు. రెండు దుకాణాల్లో కొన్న రెండు ఫైళ్లను పోల్చడంలో అర్థం లేదు, ఎందుకంటే వాటి మాస్టరింగే (విడుదలకు ముందు చేసే తుది శబ్ద సవరణే) వేరు కావచ్చు. హై రిజల్యూషన్ ఫైలును ఒకదాన్ని తీసుకుని, నమూనాల రేటు మార్చే మంచి రీశాంప్లర్‌తో, డిథర్ (అతి సన్నని రవం) కలిపి, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కు దించాలి. దించినదాన్ని మళ్లీ 24 బిట్లు, 192 పాత్రలోకే ఎక్కించాలి. పోయిన సమాచారం తిరిగి రాదు కానీ, డ్యాక్ రేటు మారేటప్పుడు వచ్చే చిన్న టిక్కు, పలక మీద మారే అంకె మన గుట్టు విప్పకుండా ఉంటాయి. తీవ్రతలు డెసిబెల్‌లో పదో వంతు లోపు సరిపోవాలి. ఫూబార్ 2000 వంటి ప్లేయరుకు ఏబీఎక్స్ అనుబంధం తగిలిస్తే ఎక్స్ అన్నది రెండు ఫైళ్లలో ఏదో అది రహస్యంగా ఎంచుకుంటుంది, మనం పోల్చుకోవాలి. 16 సార్లలో 12 లేదా అంతకు మించి ఊరికే తగిలే అవకాశం నూటికి నాలుగు కన్నా తక్కువ. ఎన్నిసార్లు ప్రయత్నించాలో మొదలుపెట్టకముందే నిర్ణయించుకోవాలి, మధ్యలో మంచి ఫలితం రాగానే ఆపేస్తే లెక్క చెడుతుంది. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. తేడా వినబడినంత మాత్రాన అది మేలైన తేడా అయి తీరదు. వినబడని పై పౌనఃపున్యాలు ఆంప్లిఫయరులోనో ట్వీటరులోనో ఒకదానితో ఒకటి కలిసి వినబడే పరిధిలో కొత్త వికారాన్ని పుట్టించగలవు. అప్పుడు చెవి నిజమే చెప్పింది, దాని నుంచి మనం తీసిన కారణం తప్పు.

పరీక్ష వాతావరణమే వినికిడిని చెడగొడుతుందన్నది తరచుగా వచ్చే ఆక్షేపణ. సంగీతం ఆస్వాదించడం వేరు, ముక్కలు ముక్కలుగా విని జవాబు చెప్పడం వేరు; రాగం మనసులో ఇంకడానికి కాలం పడుతుంది, ఆ సూక్ష్మతలు నెమ్మదిగా, వారాల మీద తెలుస్తాయి అంటారు. ఆస్వాదనకు నిదానం కావాలన్న మాట నిజం. కానీ పేరు దాచడానికీ తొందరపెట్టడానికీ సంబంధం లేదు. ఇంట్లోవాళ్లలో ఎవరో ఒకరు ఫైలును మార్చి పెడితే నెల రోజులు ఒకటే వినవచ్చు, తోడి రాగం పూర్తిగా వినవచ్చు, అలసిన రోజు మానేయవచ్చు. పేరు మాత్రం తెలియకూడదు. పేరు తెలియకపోవడం ఒక్కటే వినికిడిని పాడుచేస్తుందని ఎవరైనా అంటే, అతను వింటున్నది పేరునేనని ఒప్పుకున్నట్టవుతుంది. పైగా ధ్వని తాలూకు సూక్ష్మ స్మృతి కొద్ది క్షణాలకే చెదిరిపోతుంది. సన్నని తేడాలు పట్టుకోవడంలో చిన్న ముక్కల మధ్య తక్షణ మార్పే చెవికి ఎక్కువ సాయం చేస్తుంది.

ఇంకా బలమైన ఆక్షేపణ అభ్యాసం నుంచి వస్తుంది. మణుల, నాణేల నాణ్యం పోల్చుకునే జ్ఞానం అభ్యాసం వల్లనే పుడుతుందని, అది ఇతరులకు మాటల్లో అందించలేనిదని, అనుమానంతో వచ్చేది కాదని భర్తృహరి వాక్యపదీయంలో అన్నాడు. నలభై ఏళ్లు కర్ణాటక సంగీతం విన్న రసికుడి చెవిని సగటు మనిషి చెవితో కొలవడం న్యాయమా? న్యాయం కాదు. లెక్కలు కూడా ఇందుకు కొంత అనుకూలంగానే ఉన్నాయి, దాన్ని దాచకూడదు. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ హై రిజల్యూషన్ ధ్వని మధ్యలో సీడీ స్థాయి మార్పిడిని జొప్పించి చేసిన 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 49.8 శాతం. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. ఆ అధ్యయనంలో వాడిన డిస్కులు కొన్ని అసలు హై రిజల్యూషన్ మూలాల నుంచి రాలేదన్న విమర్శ వచ్చింది, అది సరైన విమర్శే. 2016లో జాషువా రీస్ 18 అధ్యయనాలను, 12,500కు పైగా ప్రయత్నాలను కలిపి విశ్లేషిస్తే సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. చిన్నదే గాని, కాకతాళీయమని తీసిపారేయలేనిది. ముందుగా శిక్షణ పొందినవాళ్లలో అది చెప్పుకోదగ్గంత పెరిగింది. కాబట్టి అసాధ్యం అన్న ఇంజనీరు మాట ఉన్నదున్నట్టు నిలవదు. అయితే ఆ 52.3 మనకు ఎలా తెలిసింది? పేరు దాచిన పరీక్షల్లోనే తెలిసింది. భర్తృహరి చెప్పిన మణికారుడు పెట్టె మీది చీటీ చదివి విలువ కట్టడు, రాళ్లు ఎదురుగా పోస్తే మేలిదాన్ని వేరుచేస్తాడు. అతని విద్య మాటలకు అందదు, కాబట్టే ఎంపికలో కనబడాలి. అభ్యాసం గల చెవి కోరుకోవలసిన పరీక్ష ఇదే. రోజూ సాధనతో శ్రుతిలో వెంట్రుకవాసి భేదాన్ని పట్టుకునే విద్వాంసుడు తన శక్తిని మాటతో నిరూపించడు, పాడి చూపిస్తాడు.

ఇంతకీ ఆనందం కలిగింది కదా, దాని కారణం ఏదైతేనేం అని అడగవచ్చు. ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. దేవుడి గదిలాగే ఇంట్లో ఒక మూల సంగీతానికి కేటాయించి, దీపం తగ్గించి, డ్యాక్ అంకెలు చూసి మురిసి, ఆ మురిపెంలో త్యాగరాజ కీర్తన మరింత మనసుపెట్టి వింటే ఆ శ్రద్ధ వృథా కాదు. ఆ అనుభవానికి ప్రమాణ విచారణ అక్కర్లేదు, దాని మీద తీర్పు చెప్పే అధికారమూ ఎవరికీ లేదు. అయితే అదే మనిషి స్నేహితుడితో "ఈ కేబులు వేస్తే మంద్రస్థాయి విచ్చుకుంటుంది, కొను" అన్నప్పుడు పరిస్థితి మారుతుంది. ఇప్పుడు అతను అనుభవం చెప్పడం లేదు, శబ్ద ప్రమాణంగా, అంటే ఆప్తుడి నమ్మదగిన మాటగా, నిలబడుతున్నాడు. వాత్స్యాయనుడి లెక్కలో ఆప్తుడంటే వస్తువును స్వయంగా సరిగ్గా తెలుసుకుని, తెలిసినది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక గలవాడు. కోరిక మంచిదై ఉంటే చాలదు, తెలుసుకున్నది నిజమై ఉండాలి. నెల జీతంలో పెద్ద భాగం పెట్టి యూఎస్‌బీ తీగ కొనబోయే కుర్రవాడు నమ్మేది ఆ మాటనే. అసింక్రనస్ పద్ధతిలో అంకెలు చెక్కుచెదరకుండా చేరుతున్నాయని తీసివేత సున్నా చూపిస్తున్నప్పుడు, తాను పేరు దాచి ఒక్కసారి కూడా వినకుండా ఆ సలహా ఇవ్వడం సత్యం విషయంలో అలసత్వం. దాన్ని తప్పు అనడానికి నేను వెనకాడను. సొంత ఆనందానికి పరీక్ష అక్కర్లేదు గానీ, ఇతరుల ధనం మీద, నమ్మకం మీద ప్రభావం చూపే వాక్యానికి కావాలి.

పేరు దాచి వినడానికి అలవాటు పడ్డ చెవికి తప్పకుండా దొరికేవి కొన్ని ఉన్నాయి, డబ్బు, శ్రమ వాటి మీద పెట్టవచ్చు. స్పీకర్లను గోడ నుంచి ముందుకు జరపడం అందులో మొదటిది, దాని తేడా తెర వెనక నుంచి కూడా స్పష్టంగా తెలుస్తుంది. రెండోది మాస్టరింగ్. 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీది పాత తెలుగు పాటల్లో పై పౌనఃపున్యాలు సీడీ హద్దు కన్నా ఎంతో కిందే ఆగిపోతాయి. వాటిని 192 కిలోహెర్ట్జ్‌లో డిజిటల్ చేయడం వల్ల గీతల టపటపలను గుర్తించి తొలగించే సాంకేతిక నిపుణుడికి ఉపయోగముంది, పని పూర్తయ్యాక వినేవాడికి అదనంగా దక్కేదేమీ లేదు. కానీ అదే పాటకు రెండు బదిలీలు దొరికితే కథ వేరు. ఒకదాంట్లో హిస్సును నిర్దాక్షిణ్యంగా తుడిచి, దానితో పాటు తంబురా పై స్వరాంశాలను, గాయకుడి ఊపిరిని కూడా తుడిచేసి ఉంటారు. మరొకదాంట్లో కాస్త గరగర ఉంచి గొంతును బతకనిచ్చి ఉంటారు. కొత్త విడుదలల్లో తీవ్రతల మధ్య దూరాన్ని నొక్కిపెట్టి పాట మొత్తాన్ని ఒకే ఎత్తులో మోగించేవీ ఉంటాయి, గమకం చివర సన్నగిల్లే చోటు వాటిలో సన్నగిల్లదు. ఘంటసాల పాట ఒకదానికి ఇలాంటి రెండు ప్రతులు సంపాదించి, తీవ్రత సరిచేసి, పేర్లు దాచి వింటే 16కు 16 సార్లు పోల్చుకోగలిగేవాళ్లు చాలామంది ఉంటారు. రెంటిలో ఏది కావాలో ఎంచుకునేటప్పుడు వాళ్లు కిలోహెర్ట్జ్ అంకె అడగరు, ఆ బదిలీ ఎవరు చేశారు, ఏ టేపు నుంచి, ఏ డిస్కు నుంచి చేశారు అని అడుగుతారు. హై రిజల్యూషన్ పేరుతో ఫైళ్లు అమ్మే దుకాణాలు ఆ సమాచారాన్ని అంకె పక్కన అచ్చువేయడం చాలా అరుదు.